నీళ్ళకి వీపు పెట్టి

నాకు కుదురు లేదని మా అత్త గంగాలమ్మ పెళ్ళైన మొదటి వారంలోనే తేల్చేసింది. అబద్ధమేమీ కాదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటైనా పోవాలనిపిస్తుంది. జాలరిపేటలో పుట్టి, మేనత్త కొడుకునే చేసుకుని, నాలుగు సందుల అవతలికి కాపురానికి వెళ్ళినదాన్ని. నేను చేసిన ప్రయాణం అంతే. సీతమ్మధారలో పళ్ళ డాక్టరు గారి దగ్గర చీటీలు రాసే ఉద్యోగం దొరికాక, రోజూ బస్సెక్కడం ఒక్కటే నాకు కాస్త ఊరట.

ఆ క్లినిక్‌లోనే నాకు యూరప్ పిచ్చి పట్టింది. డాక్టరు గారు భార్యతో టూరు వెళ్ళొచ్చి, అక్కడ కొన్న పుస్తకాలన్నీ పేషెంట్లు చూస్తారని బల్ల మీద పడేశారు. పంటినొప్పితో చచ్చేవాడు పుస్తకమేం చూస్తాడు? నేనే చూశాను. నా ఇంటర్ ఇంగ్లీషు సరిపోకపోతే డిక్షనరీ తీసేదాన్ని. బెల్జియం, హాలండుల మధ్య ఒక ఊళ్ళో సరిహద్దు గీత ఇళ్ళ మధ్యలోంచే పోతుందట. వీధి గుమ్మం ఏ దేశంలో ఉంటే ఆ ఇల్లు ఆ దేశానిదట. వంటింట్లోంచి పడగ్గదిలోకి వెళితే విదేశం వెళ్ళినట్టే! అది చదివిన రోజు క్లినిక్ గోడలు నా మీదకి వస్తున్నట్టు అనిపించి, లేచి బయట నిలబడ్డాను.

రెండువేల మూడులో గురునాథరావు గారనే ఆయన కొత్తగా ట్రావెల్స్ పెట్టి, ప్రచారం కోసం కేబుల్ టీవీలో యూరప్ మీద క్విజ్ పోటీ ప్రకటించాడు. మొదటి బహుమతి ఇద్దరికి యూరప్ టూరు. రోమ్, వెనిస్, పారిస్. రెండో బహుమతి చక్రాల సూట్‌కేసు. ఆ ప్రకటన చూసిన క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. పేరు ఇచ్చేసి వచ్చాకే ఇంట్లో చెప్పాను.

"ఇద్దరికా?" అన్నాడు మా బావ దాలయ్య. ఇంజను బోటు మీద కళాసీ. సముద్రం మీద ఎంత దూరమైనా పోతాడు గానీ రైలెక్కితే కడుపులో తిప్పుతుంది. "నన్ను కూడా తీసుకెల్తావేటే?"

"నువ్వు కాపోతే ఇంకెవుల్ని తీసుకెల్తాను?"

"మరైతే గెలు" అన్నాడు, పెద్ద పని అప్పజెప్పినట్టు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు మాకు అదే పని. నేను ప్రశ్నలు తెలుగులో కాగితం మీద రాసి ఇస్తే, బావ వల బాగుచేస్తూ ఒక్కొక్కటే అడిగేవాడు. జవాబు తప్పితే వల కర్రతో మోకాలి మీద కొట్టేవాడు. అది బడిలో పంతులు దగ్గర నేర్చుకున్న విద్య, కూడబలుక్కుని చదవడం తప్ప ఇంకేం నేర్చుకోలేదు.

"పీసా గోపురం ఎందుకు ఒరిగింది?"

"కింద నేల మెత్తన. కడతన్నప్పుడే ఒరిగిపోయింది."

"మరి కట్టడం ఆపలేదేటి?"

"ఆగి ఆగి కట్టేరు."

"ఎర్రోల్లు. సరే, ఎనిస్‌లో పడవలు ఏ రంగు?"

"నలుపు. అన్నీ నలుపే. పూర్వం డబ్బున్నోల్లు పోటీలు పడి సింగారిత్తంటే, అలాగ్గాదని సట్టం సేసీసేరు."

దానికి మాత్రం బావకి నిజంగా కోపం వచ్చింది. ఏటా వేట నిషేధం రోజుల్లో బోటుకి నీలం, పసుపు రంగులు తనే దగ్గరుండి వేయిస్తాడు. "పడవకి నలుపేటే? ఆ ఊరు మనకొద్దు. దిగీసి ముందుకెలిపోదాం" అన్నాడు. అప్పటికే టిక్కెట్టు చేతిలో ఉన్నట్టు.

ట్రెవీ ఫౌంటెన్ ప్రశ్న వచ్చింది కూడా అలాంటి ఒక సాయంత్రమే. రోమ్ నగరంలో పెద్ద జలయంత్రం అది. అందులో నాణెం వేస్తే మళ్ళీ రోమ్‌కి తిరిగి వస్తారని నమ్మకం. "ఎలగెయ్యాలి?" అని అడిగాడు బావ.

"నీల్లకి ఈపు పెట్టి నిలబడి, కుడిసేత్తో, ఎడం బుజం మీంచి ఎనక్కి ఇసరాలి."

చేపలు కోస్తున్న మా అత్త కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది. "నీల్లకి ఈపు పెట్టి డబ్బులిసురుతారా? ఆల్లకి బుద్ది లేదేటి?"

ఆవిడ అన్నదానికి కారణం ఉంది. మా ఇంట్లో మగవాడు వేటకి వెళ్ళే ముందు అతని పెళ్ళాం నీళ్ళ దాకా వెళ్ళాలి. పసుపు రాసిన రూపాయిని కళ్ళకద్దుకుని, నీళ్ళకి ఎదురుగా నిలబడి, రెండు చేతులతో గంగమ్మకి ఇవ్వాలి. ఇచ్చి, మొహం తిప్పకుండా వెనక్కి అడుగులు వేస్తూ ఒడ్డుకి రావాలి. బోటు తిరిగొచ్చేదాకా నీళ్ళకి వీపు పెట్టి ఏదీ విసరకూడదు, ఆఖరికి చేప పొట్టు కూడా. మా అత్తకి వాళ్ళ అత్త చెప్పింది, నాకు మా అత్త చెప్పింది. "ఈపు సూపిత్తే మాకక్కర్లేదు, నువ్వే ఉంచేసుకో అన్నట్టే" అనేది.

బావ నవ్వాడు. "ఆల్లూ మల్లీ రావాలనే ఏత్తన్నారమ్మా. మనవూ అందుకే కదేటి ఏత్తన్నాం."

"ఆల్లకి నీల్ల మీద మనుసులున్నారేటి?" అంది అత్త. బావ మళ్ళీ వల పనిలో పడ్డాడు.

మొదటి రెండు రౌండ్లూ గెలిచాను. ఫైనల్ ఆదివారం పొద్దున. దానికి ముందు ఇదే ఆఖరి వేట, శుక్రవారానికల్లా వచ్చేస్తానని, ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుంటానని చెప్పి బావ వెళ్ళాడు. నేను రూపాయి ఇచ్చాను. బోటు మీద నుంచి "ఈఫిల్ టవరు ఎండాకాలం ఎంత పెరుగుద్దే?" అని అరిచాడు. "జానెడికి కాస్త తక్కువ!" అని నేనూ అరిచాను. గట్టున ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు.

శుక్రవారం రాలేదు. శనివారం కూడా రాలేదు. కూడా వెళ్ళిన బోట్లన్నీ వచ్చేశాయి. కళింగపట్నం దాటాక మీవాళ్ళ బోటు కనపడలేదని వాళ్ళు చెప్పారు. వైర్‌లెస్ పలకడం లేదట. గాలి ఎక్కువగా ఉందని ఒకాయన, ఏం లేదు ఇంజను చెడిపోయుంటుందని ఇంకొకాయన. నేను ఫిషింగ్ హార్బరుకి వెళ్ళేదాన్ని, ఇంటికొచ్చేదాన్ని, బియ్యం కడిగి మళ్ళీ హార్బరుకి వెళ్ళేదాన్ని. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఏ బోటు తల కనపడినా గట్టు అంచుకి పరిగెత్తేదాన్ని. రంగు చూసేదాన్ని. మాది కాదు. చదివిందంతా బుర్రలో ఉడికిపోయింది. వాటికన్ అన్నిట్లోకీ చిన్న దేశం, బోటు రాలేదు, ఇస్తాంబుల్ రెండు ఖండాల్లో ఉంది, బోటు రాలేదు.

ఆదివారం పొద్దున నేను వెళ్ళనన్నాను. మా అత్త వినలేదు.

"నువ్వు పని మానీసి కూకుంటే ఆడు లేడని ఒప్పుకున్నట్టే" అంది. "బోటు రాపోయినా నాను ఇన్నేల్లూ వంట మానీనేదు. నువ్వూ ఎల్లు. గట్టు మీద నాను ఉంతాను." ఆవిడ కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి. జడ మాత్రం నాకు తనే వేసింది. ఎంత గట్టిగా లాగిందంటే, ఫైనల్ అంతా నా తల నొప్పెడుతూనే ఉంది.

ఫంక్షన్ హాలు కిక్కిరిసి ఉంది. ముందు వరసలో ఒక కుర్చీ నా వాళ్ళ కోసమని ఖాళీగా ఉంచారు. దాని వంక చూడకూడదని ఒట్టేసుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాను. స్టేజీ మీద ఆఖరికి ఇద్దరమే మిగిలాం, నేనూ, మధురవాడలో ఇంజనీరింగ్ చదివే యశస్విని అనే అమ్మాయీ. మంచి పిల్ల. అడక్కుండానే తన నీళ్ళ సీసా ఇచ్చింది. ఆ పిల్ల ఒకటి చెబితే నేనొకటి చెప్పాను. ఇద్దరికీ సమానంగా మార్కులు వచ్చాయి.

"ఇప్పుడు ఆఖరి ప్రశ్న!" అన్నాడు గురునాథరావు గారు మైకులో. తెర తీశారు. వెనక థర్మాకోల్ గుర్రాలు, దేవుళ్ళు. వాటి ముందు నీలం రంగు వేసిన పెద్ద సిమెంటు తొట్టి, దాన్నిండా నీళ్ళు. మోటారు పెట్టి పైకి చిమ్మిస్తున్నారు. "ఇది రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్ అనుకోండి. ఇందులో నాణెం ఎలా వెయ్యాలి?"

ఆయన నోరు మూయకముందే నా చెయ్యి బజరు మీద ఉంది. "నేను చెబుతానండి! నీళ్ళకి..."

"ఆగమ్మా, ఆగు! చెప్పడం కాదు. కెమెరాకి కనపడాలి కదా? వచ్చి వేసి చూపించు." రూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టాడు.

తొట్టి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు చిమ్ముతున్నాయి, తుంపర మొహం మీద పడుతోంది. తిరగాలి. తిరిగి విసరాలి, అంతే. రోమ్ నా వీపు వెనకే ఉంది. వెనిస్, పారిస్, వంటింట్లోంచి పడగ్గదిలోకి వెళితే దేశం మారే ఆ ఊరు, అన్నీ అక్కడే ఉన్నాయి. తిరగవే అని నన్ను నేను తిట్టుకున్నాను. ఇది తొట్టే, దీనికీ సముద్రానికీ ఏం సంబంధం లేదే అని చెప్పుకున్నాను. ఒక కాలు తిప్పాను కూడా. రెండోది తిరగలేదు. నా మొగుడు నీళ్ళ మీద ఉన్నాడు. నేను నీళ్ళకి వీపు చూపించి, అక్కర్లేదన్నట్టు డబ్బులు విసరాలా?

"నోటితో చెబుతానండి" అన్నాను మళ్ళీ.

"రూలు రూలే కదమ్మా" అన్నాడాయన. మాటలో కాఠిన్యం ఏమీ లేదు. ఆయనకి తెలిస్తే ఒప్పుకునేవాడేమో. కానీ అంతమంది ముందు బోటు రాలేదన్న మాట నా నోటితో ఎలా అంటాను?

తిప్పిన కాలు వెనక్కి తెచ్చుకున్నాను. రూపాయి కళ్ళకద్దుకుని, నీళ్ళకి ఎదురుగా నిలబడి, రెండు చేతులతో వదిలాను. హాల్లో ఎవరో గట్టిగా నవ్వారు. "అయ్యో, తప్పు!" అన్నాడు గురునాథరావు గారు. యశస్విని వచ్చి, చక్కగా వెనక్కి తిరిగి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా విసిరింది. చప్పట్లు మోగాయి. నా చేతిలో చక్రాల సూట్‌కేసు పెట్టి ఫోటో తీశారు.

ఆటోలో తిన్నగా హార్బరుకే వెళ్ళాను. మా అత్త ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. సూట్‌కేసు పక్కన పెట్టుకుని నేనూ నిలబడ్డాను. అటువైపు పోయేవాళ్ళు మమ్మల్ని ఊరు వెళ్ళడానికి వచ్చినవాళ్ళని చూసినట్టు చూశారు. సాయంత్రం ఎండ పచ్చబడే వేళకి, ఇంకో బోటు తాడు కట్టి లాగుతుంటే, నీలం, పసుపు రంగులున్న బోటు వచ్చింది. ముందు మా అత్త కూలబడిపోయింది. తర్వాత నేను. ఇద్దరం సిగ్గు విడిచి ఏడ్చాం.

ఇంజను చెడిపోయి, కెరటాల మీద కొట్టుకుపోయారట. బావ పెదవులు పగిలి, మొహమంతా ఉప్పు కట్టేసింది. గట్టెక్కుతూనే సూట్‌కేసు చూశాడు.

"గెలిసీసేవేటే!"

"నేదు."

"మరి పెట్టెందుకిచ్చేరు?"

"ఓడిపోతే ఇచ్చేరు."

అక్కడే సూట్‌కేసు మీద కూలబడి, అత్త ఇచ్చిన గంజి తాగి, మూతి తుడుచుకుని అడిగాడు. "ఏటడిగేరు?"

చెప్పాను. బావ గంజి గిన్నె ఠక్కున కింద పెట్టాడు. "ఎనక్కి తిరిగి, కుడిసేత్తో, ఎడం బుజం మీంచి! నాకే వచ్చు కదే! నీకు తెల్దా?"

"తెల్సు."

"మరి?"

"నువ్వు నీల్ల మీద ఉన్నావు."

బావ మళ్ళీ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. మా అత్త మాత్రం చేత్తో నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో! మోటారెట్టి తోడిన నీల్లేటే అవి? కొలాయి నీల్లకి గంగమ్మేటే, పిచ్చిదానా? తిరిగీసుంటే ఏటైపోను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళకి వీపు పెట్టొద్దని రోజూ నూరిపోసిన మనిషేనా ఇలా అంటోంది? ఏ నీళ్ళకో, ఏ నీళ్ళకి కాదో ముందే చెప్పొద్దూ? అరవబోతే ఏడుపొచ్చింది. బావ కోసం ఏడవాల్సిందంతా బోటు కనపడినప్పుడే అయిపోయింది. ఇది రోమ్ కోసం. నేనెప్పటికీ చూడని ఆ వీధుల కోసం, నా చేతిదాకా వచ్చి పోయినదాని కోసం, హార్బరులో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను.

బావ లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. చేపల వాసన, డీజిలు వాసన. "మల్లొచ్చే ఏడాది కూడా పెడతారంటలే పోటీ" అన్నాడు. బావకెలా తెలుసు? ఇప్పుడే గట్టెక్కాడు. ఏదో ఒకటి అనాలని అన్నాడు.

ముక్కు చీదుకుని సూట్‌కేసు పిడి చేతిలోకి తీసుకున్నాను.

"పెడితే ఆ రోజు నువ్వు ఏటకెల్లకు" అన్నాను. "నా ఎదురుగా, ముందు వరస కుర్చీలో కూకో. అప్పుడు తిరుగుతాను."