ఆకుపచ్చ మొహం పైలట్

నేను ఒక పైలట్‌ని. ఎత్తు ముప్పాతిక అంగుళం. అది కూర్చున్న కొలత. నిలబడటం నాకు తెలియదు. నన్ను పోసినవాళ్లు మోకాళ్లు వంచి, చేతులు ఒళ్లో పెట్టి, కూర్చున్న మనిషిగానే పోశారు. విమానంలో నా సీటులో ఉంటే దర్జాగానే ఉంటాను. సీటు లేకుండా బల్ల మీద పెడితే మాత్రం, ఎక్కాలు రానందుకు మాస్టారు గోడకుర్చీ వేయించిన మనిషిలా ఉంటాను. నా బతుకులో కొంత కాలం అలా గోడకుర్చీలోనే గడిచింది.

పుట్టింది ఏదో చలిదేశంలో. కరిగిన ప్లాస్టిక్‌ని ఉక్కు అచ్చులోకి ఒత్తితే, ఒకే చట్రానికి అతుక్కుని మేమందరం బయటికొచ్చాం. నా కుడి పక్కన చక్రాలు, ఎడమ పక్కన తోకరెక్క. తోబుట్టువులంటే నాకు వాళ్లే. మమ్మల్ని ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన రంగుల బొమ్మ వేశారు. బొమ్మలో నేను మబ్బులు చీల్చుకుంటూ పోతున్నాను. లోపల చూస్తే బూడిదరంగు ముక్కను. మనుషులు పెట్టె మీద బొమ్మ చూసి కొంటారు, మూత తీసి నిట్టూరుస్తారు. పెళ్లి సంబంధాల్లో కూడా ఇలాగే జరుగుతుందని తర్వాత విన్నాను.

ఒక ఓడ వంటవాడు మమ్మల్ని విశాఖపట్నం తెచ్చి, రేవు దగ్గర విదేశీ సామాన్లమ్మే కొట్టులో అమ్మేశాడు. అక్కడ సెంటుసీసాల వెనక రెండేళ్లు ఉన్నాను. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఒక సాయంత్రం కోరాడ వరహాలు వచ్చి మా పెట్టెను రెండు చేతులతో తీసుకున్నాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తీసుకున్నాడు.

వరహాలుది పళ్లు తయారుచేసే ఉద్యోగం. డాక్టరు నోటి అచ్చు తీసి పంపితే, ఆ అచ్చును బట్టి కట్టుడు పళ్ల సెట్టు చేసి పంపడం అతని పని. పంటి రంగుకి నెంబరు ఉంటుంది, చిగుళ్ల రంగుకి నెంబరు ఉంటుంది. నెంబరు చూసి చేస్తాడు. పదిహేనేళ్లలో ఒక్క సెట్టు తిరిగి రాలేదట. సాయంత్రం ఇంటికొచ్చి, అదే భూతద్దం కంటికి తగిలించుకుని, అవే సన్నటి ఆకురాళ్లతో విమానాలు చేసేవాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక బల్ల అతనిదే. భార్య నూకరత్నం కుట్టుమిషను వంటింటి గుమ్మం పక్కన, నేల మీద ఉండేది. ఆమె నేల మీద కూర్చుని చేత్తో తిప్పుకుంటూ కుట్టేది.

ఆవిడ ఎందుకు ఊరుకుందని మీరు అడగొచ్చు. నేనూ అనుకున్నాను. ఇల్లంతా రంగు వాసన, జిగురు వాసన. పండక్కి కొనుక్కున్న గోళ్లరంగు సీసా కూడా విమానం లైట్లకే అయిపోయింది. అయినా ఒక్క మాట అనేది కాదు. పక్కింటావిడ అడిగితే మాత్రం మెడ కాస్త ఎత్తి చెప్పేది:

"మా బావ ఇమానాల ఉద్యోగం వొచ్చి కూడా ఒదిలీసినాడు. మా అయ్య పిల్లని దూరాబారం పంపనన్నాడని, నాకోసం ఆకాసాన్నే కాదనుకున్నాడు. నానొక బల్ల ఒదల్లేనేటి?"

ఆ ఉద్యోగం విమానం నడిపేది కాదు, కింద నిలబడి విమానాలకు మరమ్మతు చేసేది. వీధిలో ఎవరికీ ఆ తేడా తెలియదు. వరహాలు చెప్పలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా అతను తల వంచుకుని ఆకురాయి ఎక్కువగా రుద్దేవాడు. సిగ్గరి అనుకున్నాను.

మా విమానం పేరు నాట్, ఒకప్పుడు మన వాయుసేన నడిపిన యుద్ధవిమానం. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. అసలుది కూడా చిన్నదేనట. వరహాలు దాన్ని నాలుగు నెలలు చేశాడు. ముక్కులో బరువు లేకపోతే ఇలాంటి విమానం తోక మీద కూలబడుతుంది. అందుకని చేపలరేవుకి వెళ్లి, వలలకి కట్టే సీసపు గుళ్లు తెచ్చి లోపల దూర్చాడు. ఒళ్లంతా వెండిరంగు వేశాడు. పెట్టెలో వచ్చిన పరదేశపు గుర్తులు పక్కన పడేసి, రెక్కల మీద మన మూడురంగుల చక్రాలు తనే దిద్దాడు. రంగు డబ్బాల మూతల మీద గుండుసూదితో గీతలు గీసి ఉండేవి. ఒక గీత కాషాయం, రెండు గీతలు ఆకుపచ్చ. గీత కనపడకపోతే పిలిచేవాడు.

"రత్నం, కళ్లజోడు ఎక్కడో పెట్టీసినాను. ఈ డబ్బా మీద ఏటి రాసుందో సూడు."

"నెత్తి మీదే ఉంది కదా బావా!"

"ఓహో, ఉందేటి?"

చివరికి నా వంతు వచ్చింది. హెల్మెట్ తెలుపు, దుస్తులు నీలం, బూట్లు నలుపు. ముఖం రంగు డబ్బా మాత్రం ఎండిపోయి ఉంది. తెలుపు, పసుపు, ఇంకా కాగితం ఊడిపోయిన ఒక డబ్బాలోది కొంచెం, ఒక అగ్గిపుల్లతో సీసామూతలో కలిపాడు. ఒక మధ్యాహ్నమంతా కలిపాడు. మధ్యమధ్య అగ్గిపుల్ల ఎత్తి కిటికీ వైపు పెట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. తర్వాత మూడు వెంట్రుకల కుంచెతో నా ముఖం దిద్దాడు. ఆవగింజంత ముఖం. ఊపిరి బిగబట్టి దిద్దాడు. అయ్యాక తృప్తిగా నవ్వాడు. నన్ను నేను చూసుకోలేను కాబట్టి నేనూ తృప్తిపడ్డాను.

ఆ జనవరిలో ఒక స్కూలు హాలులో బొమ్మవిమానాల ప్రదర్శన పెట్టారు. నన్ను సీటులో కూర్చోబెట్టి, పైన గాజులాంటి మూత అంటించకుండా తెరిచే ఉంచారు, అందరికీ లోపల కనిపించాలని. నూకరత్నం పట్టుచీర కట్టుకుని వచ్చింది. న్యాయనిర్ణేత సత్యానందం గారు, వాయుసేనలో చేసి రిటైరైన పెద్దమనిషి. వంగి, రెక్కలు చూసి, చక్రాలు చూసి, "భేష్, రివెట్లు కూడా దిద్దావయ్యా!" అన్నారు. తర్వాత భూతద్దం నా మీదికి తెచ్చారు.

"ఏమయ్యా వరహాలూ, మీ పైలట్‌కి వాంతి వచ్చేలా ఉందే! ఎవరన్నా ఓ సంచీ ఇవ్వండి."

చుట్టూ ఉన్నవాళ్లు వంగి చూసి పగలబడి నవ్వారు. "ఎవరో పసరు పూసినట్టున్నార్సార్!" అన్నాడొకడు. వరహాలు కూడా నవ్వాడు. అందరికంటే కొంచెం ఎక్కువసేపు నవ్వాడు. తర్వాత భార్య చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"ఎందుకే నవ్వుతున్నారు? ఆడి తల పక్కకొరిగిందేటి?"

నూకరత్నం భూతద్దం అందుకుని నన్ను చూసింది. తర్వాత భర్త ముఖం చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆమె ముఖంలో నవ్వు ఆగిపోవడం నేను చూశాను. "ఏటీ లేదు బావా," అంది. బహుమతి వేరేవాళ్లకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న ఆమె ఒక చేట తెచ్చి అతని ముందు పెట్టింది. నిండా మిరపకాయలు, పండువీ పచ్చివీ కలిపి.

"బావా, పండినవి ఏరిపెట్టు. పచ్చడి పెట్టాల."

"నానా? డ్యూటీకెల్లొద్దా?"

"పావుగంట పనే."

పద్దెనిమిదేళ్లలో ఆమె అతనికి వంటింటి పని చెప్పింది అదే మొదటిసారి. అతను నేల మీద కూర్చున్నాడు. నేను బల్ల అంచున ఉన్నాను, అంతా కనపడుతోంది. ఒక కాయ తీసి వేళ్లతో నొక్కి చూశాడు, వాసన చూశాడు. పండినది కాస్త మెత్తగా ఉంటుంది కదా. నాలుగు కాయలు సరిగ్గానే వేశాడు. అయిదోది అటూ ఇటూ తిప్పి ఆగాడు. పళ్ల సెట్టులో వెంట్రుకవాసి తేడా పట్టే వేళ్లు అవి. ఆ వేళ్లు మిరపకాయల మధ్య దారితప్పిన వాళ్లలా తిరిగాయి. ఆమె గుమ్మానికి ఆనుకుని చూస్తూనే ఉంది.

"అయిపోయిందే," అన్నాడు చివరికి.

అతను ఏరిన కుప్పలో సగం పచ్చివే. ఆమె వచ్చి ఎదురుగా గొంతుక్కూచుంది. కుప్పను ముట్టుకోలేదు.

"ఎప్పట్నించి బావా?"

అతను చేటని కొంచెం పక్కకి జరిపాడు. "పుట్టినప్పట్నించీ."

"మరి ఆ ఉద్యోగం?"

"అక్కడే తెలిసింది నాకు కూడా. డాక్టరు ఓ పుస్తకం తెరిసి పెట్టినాడు. అన్నీ రంగు సుక్కలే. సుక్కల్లో అంకె దాగుంటాదట. మొదటి పేజీలో పన్నెండు కనపడింది. తర్వాత ఎన్ని తిప్పినా సుక్కలే. నా ఎనకాలోడు ఎక్కాలు సదివినట్టు సదివీసినాడు."

"నాకోసం ఒదిలీసినానన్నావు."

"ఒదల్లేదే. ఆల్లే నన్నొద్దన్నారు. ఊల్లోకొచ్చీసరికి మావయ్య వాకిట్లో నిలబడి ఏటైందిరా అన్నాడు. పిల్లని దూరం పంపనన్నావు కదా, ఒదిలీసినాను అనీసినాను. నోటికొచ్చీసింది."

"నోటికొచ్చీసింది," అంది ఆమె కూడా, మెల్లగా. తర్వాత గొంతు పెరిగింది. "పెల్లిలో ఊరంతా అదే మాట. ఆకాసాన్ని కాదని నూకరత్నాన్ని సేసుకున్నాడని. ఆ మాట మీద తలెత్తుకు నడిసినాను బావా! నీ జిగురు కంపు, నీ రంగుల కంపు, నడుం ఇరిగిపోయేలాగ నేల మీద కూకుని కుట్టుకోడం... ఎందుకు నోరెత్తలేదనుకున్నావు? ఇప్పుడు నన్నేటి సెప్పుకోమంతావు జనానికి?"

ఆమె ఆ కుప్పా ఈ కుప్పా కలిపేసి రోట్లో పోసింది. ఆ ఏడు ఆ ఇంట్లో పచ్చడి ఏ రంగో చెప్పడం నావల్ల కాదు.

తొమ్మిది రోజులు ఆమె "అన్నం పెట్టినాను" తప్ప మాట్లాడలేదు. అతను బల్ల దగ్గరికే రాలేదు. విమానం ఒక పక్క, నేను ఒక పక్క, గోడకుర్చీ వేసుకుని. వాళ్లిద్దరి మధ్య తెగిపోయింది ఏదైనా ఉంటే అది నా ముఖం వల్లే తెగింది. ప్లాస్టిక్ ముక్కకి కూడా సిగ్గుంటుంది.

పదో రోజు అతను వచ్చి, దూదిని టర్పెంటైనులో ముంచి నన్ను పట్టకారుతో ఎత్తాడు.

"ఏటి సేస్తన్నావు?" అంది ఆమె మిషను దగ్గర్నించి.

"తుడిసేస్తన్నాను. నలుగురిలో నవ్వులపాలు సేసినాడు."

"ఆడేటి సేసినాడు? ఆ రంగు నువ్వు కలిపిందేగా. ఏటి సూసి కలిపినావసలు?"

"నిన్ను సూసే."

మిషను చక్రం ఆగింది.

"కిటికీ కాడ బట్టలు మడతెట్టుకుంటన్నావు. మనిసి మొకం ఏ రంగో నాకెలా తెలుస్తాదే? నీ సెంప పక్కన అగ్గిపుల్ల ఎట్టి సూసుకుంటా కలిపినాను. మద్దేనమంతా పట్టింది. సరిగ్గా కుదిరింది, నువ్వే ఇది, అనుకున్నాను."

"అగ్గిపుల్ల ఊపుతుంటే దోమల్ని తోలుతున్నావనుకున్నాను!"

ఆమె లేచి వచ్చింది. పట్టకారు లాక్కుని, భూతద్దం కంటికి పెట్టుకుని నన్ను చూసింది. అద్దంలోంచి ఆ కన్ను మా విమానం కంటే పెద్దగా ఉంది. రెప్ప వేయలేదు.

"నీ కంటికి నానిలాగుంటానా?"

"అలాగే ఉంటావు."

"పద్దెనిమిదేళ్లనించీ?"

"అంతకు ముందు నించీ."

ఆమె దూది తీసి కిటికీలోంచి బయటికి విసిరేసింది.

మర్నాడు ఆమె మిగిలిపోయిన ముక్కల డబ్బా వెతికి, ఇంకో పెట్టెలో వచ్చిన, నాలాంటివాణ్ణే ఒకణ్ణి తీసింది. తనే రంగు కలిపింది, అద్దంలో తన ముఖం చూసుకుంటూ. వాడికి చక్కటి చామనఛాయ ముఖం వచ్చింది. మమ్మల్నిద్దర్నీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి వరహాలుని పిలిచింది.

"ఇద్దర్లో ఒకడు నీవోడు, ఒకడు నావోడు. సూసి సెప్పు."

అతను భూతద్దం పెట్టుకుని వంగాడు. నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు, కాగితం తిప్పి మళ్లీ చూశాడు. ఇదీ చుక్కల పుస్తకమేనని అతనికి తెలుసు. ఈసారి అబద్ధం చెప్పలేదు.

"ఇద్దరూ ఒకలాగే ఉన్నారే. తేడా ఏటైనా ఉందేటి?"

నాకు తెలిసి నూకరత్నం అబద్ధమాడే మనిషి కాదు. ఒక్క క్షణం మా ఇద్దర్నీ చూసి అంది:

"ఏటీ లేదు బావా. ఒకటే."

ఆమె పట్టకారుతో నన్నే ఎత్తింది. సీటులో కూర్చోబెట్టి, పైన మూత పెట్టింది. మామూలు జిగురు పొగకి ఈ మూత మసకబారుతుంది, అందుకని పుస్తకాలకంటించే తెల్లబంక రాసింది. అది ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుంది. అతను పక్కనే కూర్చుని చూశాడు. ఆ సాయంత్రమే బల్ల కిటికీ దగ్గరికి జరిగింది. ఒక సగం మీద మిషను, ఒక సగం మీద విమానాలు.

ఆ తర్వాత పక్కింటావిడ ఆ పాత మాట ఎత్తితే నూకరత్నం చెప్పేది: "ఒదల్లేదమ్మా. ఆల్లే ఒద్దన్నారు. నాకు మిగిలినాడు." మెడ మాత్రం ఎప్పటిలాగే ఎత్తేది.

వరహాలు పోయి ఇప్పుడు నాలుగేళ్లు. మొన్న బొమ్మవిమానాల క్లబ్బు నుంచి ఒకాయన వచ్చాడు, అతని విమానాలన్నీ గాజు బీరువాలో పెట్టి అందరికీ చూపిస్తామని. మంచివాడే. ఒక్కొక్కదాన్నీ జాగ్రత్తగా దూదిలో చుట్టాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఫోను లైటు వేసి చూసి నవ్వాడు.

"అమ్మా, ఈ పైలట్ ముఖం ఆకుపచ్చగా వచ్చేసింది. అరగంట పని. మూత తీసి సరైన రంగు వేసేస్తాను."

"ఒద్దు బాబూ," అంది నూకరత్నం. "అది నా మొకం."

ఆయన ఆమెను ఒకసారి చూశాడు, నన్ను ఒకసారి చూశాడు. నవ్వాలో వద్దో తెలియక, మమ్మల్ని దూదిలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు.