దిండు పెట్టని రోజు

తలనిండా తీగలు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టి, మాజీ సైనికుడికి ఫిట్స్ ఎప్పుడొస్తాయా అని ఆస్పత్రిలో కాచుకున్నారు. వచ్చాయి. ఒళ్లంతా ఎగిరెగిరి పడింది. తెరమీద మెదడు గీతలు మాత్రం తమకేం పట్టనట్టు సాగిపోయాయి.

"ఇది మూర్ఛ కాదమ్మా," అంది డాక్టరమ్మ అతని భార్యతో. "యుద్ధంలో తన ముందు వెళ్తున్న లారీ పేలిపోవడం కళ్లారా చూశాడు కదా, ఆ దెబ్బ ఇలా బయటపడుతోంది. మాత్రలు పనిచెయ్యవు, వేరే వైద్యం ఉంది. నటన మాత్రం కాదు. ఆయన చేతుల్లో లేదిది."

ఇంత చెబితే ఇంటికి చేరింది మొదటి ముక్కే. బావగారు, అంటే అతని అన్న, దాన్ని పట్టుకున్నాడు. ఆయనకి టైర్ల షాపుంది. టైరు తట్టి పంక్చరు చెప్పేసినట్టు మనుషుల రోగాలూ చెప్పేస్తాడు.

"రోగం లేదని మిషనే తేల్చింది. ఇన్నాళ్లూ మన చెవుల్లో పువ్వులు పెట్టాడు. ఈసారి తలకింద దిండు పెట్టకమ్మా. నటనైతే తనే తల కాపాడుకుంటాడు."

ఎక్కడ పడినా చేతికందాలని గదికో దిండు కుట్టి ఉంచిన మనిషి ఆమె. అయినా ఆ మాట లోపల తొలిచేసింది. తను రోజంతా కుట్టుమిషను తొక్కి కాళ్లు పీక్కుపోతుంటే, ఈయన ఆడుతున్నది నాటకమా? ఒళ్లు మండిపోయింది.

మర్నాడు వీధిలో ఎవరో లారీ వెనక తలుపు దభాలున మూశారు. గుమ్మంలో అతను కొయ్యబారిపోయాడు. ఇక పడతాడని ఆమెకి తెలుసు. దిండు తీసింది. పెట్టలేదు. చంకలో పెట్టుకుని నిలబడి చూసింది.

తల గచ్చుకి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. అతను కాపాడుకోలేదు. నెత్తురు చూశాక గానీ ఆమె కాళ్లు కదల్లేదు.

తేరుకున్నాక అతను నెత్తురంటిన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత ఆమె చంకలోని దిండు చూశాడు.

"అన్నయ్య చెప్పాడా?"

ఆమె కొంగు అతని తలకి అదిమింది.

"పోన్లే. ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా?"

కుదిరింది. కుదిరి ఏం లాభం? ఇప్పుడు ఒంట్లో తేడా తెలియగానే అతనే దిండు తీసుకుని లోపలిగదిలోకి వెళ్లి గడియ వేసుకుంటాడు.

"తలుపు తియ్యండి, నేను పెడతాను," అంటుంది ఆమె.

"వద్దులే. నువ్వు మిషను చూసుకో."

ఆమె మిషను ఆపేసి తలుపుకి చెవి ఆనిస్తుంది. తల దిండు మీద పడుతోందో గచ్చు మీద పడుతోందో, చప్పుడుని బట్టి తెలుసుకోవడం నేర్చుకుంది.