కుడి సీటులో నూట తొంభై పౌన్లు

శనివారం పొద్దున్నే నెల్డా చేసే మొదటి పని కారు కుడి తలుపు తీసి, చచ్చిపోయిన మొగుడికి సీటు బెల్టు పెట్టడం.

లైల్ పోయి ఆరేళ్లయింది. పోయిన మూడో వారానికే వచ్చి తన 1970 బ్యూయిక్ కారులో, డ్రైవరు పక్కనుండే కుడి సీట్లో కూర్చున్నాడు. కంటికి కనపడడు, పలకడు. సీటు మాత్రం బతికున్నప్పటిలాగే కిందికి దిగుతుంది, అడుగున స్ప్రింగు కిర్రుమంటుంది. బెల్టు లాగితే అతని బొజ్జ మీదుగా ఎంత రావాలో అంతే వస్తుంది. "కాస్త ఊపిరి బిగబట్టవయ్యా" అని నెల్డా ప్రతివారం విసుక్కుంటుంది, ఆ మనిషికి ఊపిరే లేదన్న సంగతి మర్చిపోయి.

ఇంటి దగ్గర్నుంచి నలభై మైళ్లు పోతే ఇండియానా మొక్కజొన్న చేల మధ్య కెల్సో క్రీక్ రేసు ట్రాకు వస్తుంది. రెండు కార్లు పక్కపక్కన పరిగెత్తడానికి పావు మైలు తిన్నని తారు, ఒక టవరు, ఒక కాటా. కాటా దగ్గర కూర్చునే ముసలి ఆర్విల్, బ్యూయిక్ ఎక్కగానే "నాలుగువేల ఎనభై. ఇద్దరూ వచ్చారు" అని పుస్తకంలో రాసుకుంటాడు. కార్లు తనిఖీ చేసేవాడు ఒక్కడే మొదట్లో పేచీ పెట్టాడు. చచ్చినవాడైనా సరే, తన ట్రాకులో బెల్టు లేకుండా కుదరదన్నాడు. ఆ బెల్టు అలవాటు అప్పట్నుంచి వచ్చిందే.

అక్కడి పందెం అందరూ అనుకునేలాంటిది కాదు. ప్రతివాళ్లూ తమ కారు ఆ పావు మైలు ఎన్ని సెకన్లలో దాటుతుందో ముందే కిటికీ అద్దం మీద తెల్ల బూటు పాలిష్‌తో రాయాలి. నెమ్మది కారుని ఆ తేడా మేరకు ముందు వదులుతారు. చివరికి ఎవరు ముందు చేరితే వాళ్లది గెలుపు. కానీ రాసుకున్న అంకె కంటే వెంట్రుకవాసి తొందరగా వచ్చినా ఓడిపోయినట్టే. కాబట్టి తన కారులో ఏముందో, ఎంత బరువుందో తెలిసినవాళ్లే అక్కడ నెగ్గుతారు. నెల్డా అద్దం మీద ఆరేళ్లుగా ఒకటే అంకె, 13.62. అది లైల్‌తో కలిపి. వంద పౌన్ల బరువు పెరిగితే కారు సెకనులో పదో వంతు ఆలస్యమవుతుందని ఆ ఊళ్లో బడికి పోని పిల్లలకి కూడా తెలుసు. లైల్ నూట తొంభై.

టవరు గోడ మీద ఏటా గెలిచినవాళ్ల పేర్లు రాసిన పలక ఒకటి ఉంది. లైల్ నాలుగుసార్లు ఆఖరి పందెం దాకా వచ్చి నాలుగుసార్లూ ఓడాడు. ఆస్పత్రి మంచం మీద కూడా ఆ పలక గోలే. ఈ ఏడు నెల్డా ఫైనల్‌కి వచ్చింది. గెలిస్తే రెండు పేర్లూ రాయాలనీ, అందులో లైల్ పేరే ముందుండాలనీ ట్రాకు యజమానిని ఏప్రిల్ నుంచి బతిమాలి ఒప్పించింది. స్కూలు బస్సు నడుపుకునే ఆడమనిషికి అంతకంటే పెద్ద కోరిక లేదు.

ఫైనల్లో ఎదురుపడింది మార్లిస్. ఆమె అదే స్కూల్లో వంట చేస్తుంది. ఇద్దరిదీ ముప్ఫై ఏళ్ల స్నేహం. లైల్ అంత్యక్రియల రోజు మార్లిస్ నెల్డా వీపు నిమురుతూ సాయంత్రం దాకా పక్కనుంచి కదల్లేదు. మార్లిస్‌లో లైల్‌కి నచ్చనిది ఒక్కటే, ఆమె కారు ఫోర్డు టొరీనో. లైల్ బ్యూయిక్ మనిషి. "నా శవాన్ని కూడా ఫోర్డులో ఎక్కించొద్దు" అనేవాడు. అంత్యక్రియలకి పంపిన బండి ఫోర్డని తెలిసి, వేరే బండి వచ్చేదాకా పాస్టరుగారిని రెండు గంటలు ఎండలో నిలబెట్టింది నెల్డా.

ఫైనల్ రోజు మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. మార్లిస్ చేసి తెచ్చిన ఆపిల్ పండ్ల తీపి రొట్టెలో నెల్డా రెండో ముక్క కూడా కోసుకుంది.

"ఏమే, ఇవాళ నన్ను ఏడిపిస్తావా ఏంటి?" అంది నెల్డా.

"మీరిద్దరు, నేనొక్కదాన్ని. ఏడిచేది నేనేలే" అంది మార్లిస్, రొట్టె కోసిన కత్తి తుడుచుకుంటూ.

ఫైనల్‌కి పిలిచేముందు నెల్డా మొహం కడుక్కుని వచ్చేసరికి కుడి సీటు పైకి లేచి ఉంది. బెల్టు ఊడి పక్కన పడి ఉంది. కాళ్లు చాపుకోవడానికి పోయుంటాడులే అనుకుంది. బతికున్నప్పుడూ అంతే. పందేనికీ పందేనికీ మధ్య రెంచి అడిగి తెస్తానని పోయి అరగంటకి వచ్చేవాడు, చాలాసార్లు రెంచి లేకుండానే.

ఫైనల్ కార్లని మళ్లీ తూచాలి. టొరీనో ముందే తూకం అయి వెళ్లిపోయింది. బ్యూయిక్ కాటా ఎక్కింది.

"మూడువేల ఎనిమిదివందల తొంభై" అన్నాడు ఆర్విల్. కాసేపు పుస్తకంలోకే చూశాడు. "నెల్డా అమ్మాయ్, ఒక్కదానివే ఉన్నావు."

"నీ కాటాకి వయసైపోయింది."

"వయసైపోయింది నాకు. కాటాకి కాదు." పాలిష్ సీసా మూత తీసి కిటికీలోంచి చాపాడు. "బయల్దేరే గీత దాకా పోయేలోపు అంకె మార్చుకోవచ్చు. 13.43 రాసుకో. నా మాట విను."

"వస్తాడు. ఫైనల్‌కి రాకుండా ఎట్లా ఉంటాడు?"

"నేను కాటావాణ్ణి. ఎవరు ఎక్కడ ఎంత బరువున్నారో అంతవరకే చెప్పగలను" అన్నాడు ఆర్విల్. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు.

నెల్డా సీసా తీసుకోలేదు. అంకె మారిస్తే, మొగుడు తన పక్కన లేడని తన చేత్తో తనే రాసుకున్నట్టవుతుంది. ఆరేళ్లలో చెయ్యనిది ఇప్పుడెట్లా చేస్తుంది?

గీత దగ్గర టొరీనో ఆమెకి కుడిపక్కన ఆగింది. ఖాళీ సీటు మీదుగా చూస్తే మార్లిస్ కిటికీ అద్దం కనపడింది. పొద్దున దాని మీద 14.05 అని ఉంది. ఇప్పుడు 14.24 అని ఉంది. పాలిష్ ఇంకా ఆరలేదు, చివరి నాలుగు అంకె కిందికి కారుతోంది. కారు అవతలి పక్కకి కొంచెం ఒరిగి ఉంది.

సెకనులో వందకి పంతొమ్మిది వంతులు. నూట తొంభై పౌన్లు. లెక్క కట్టడానికి నెల్డాకి రెప్పపాటు కూడా పట్టలేదు.

ముందు ఆమెకి తట్టింది ఒకటే. ఫోర్డా? ఆడదాని సంగతి తర్వాత, ఫోర్డు ఎక్కాడా ఈ మనిషి? ఆ తర్వాత అసలు సంగతి తట్టింది. రెంచి లేకుండా తిరిగొచ్చిన అన్ని శనివారాలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇంత దగ్గర్లో ఉండి మార్లిస్ ఇటు తల తిప్పలేదు.

బయల్దేరమనే దీపాలు వెలిగాయి. టొరీనో ముందు పోయింది. తన వంతు రాగానే నెల్డా యాక్సిలరేటరు తొక్కింది. బ్యూయిక్ ముక్కు ఎన్నడూ లేనంత పైకి లేచింది. తేలికైన కారు ఎట్లా పోతుందో ఆమెకి అప్పుడే తెలిసింది. సగం దాటేసరికి టొరీనో వెనక అద్దం దగ్గరపడింది. ఇక చివర్లో కాలు కాస్త వదిలితే చాలు. లేని మొగుడి బరువు తన కాలితో తనే మోసి సరిగ్గా 13.62కి చేరొచ్చు. గెలుపు చేతిలోకి వస్తుంది, పలక మీద లైల్ పేరు ముందు, తన పేరు వెనక. అట్లాంటి సర్దుబాటు ఆమెకి కొత్త కాదు, కాపురమంతా చేసింది అదే.

నెల్డా కాలు వదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కింది. టొరీనోని దాటి పోతుంటే అటు చూడను కూడా చూడలేదు.

13.41. ముందు చేరి ఓడిపోయింది.

టైము చీటీలిచ్చే గది దగ్గర మార్లిస్ ఆమె కోసం నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి?" అంది నెల్డా.

"ఇవాళే వచ్చాడే. ఒట్టు, నేను పిలవలేదు. వచ్చి కూర్చున్నాక దిగమంటే..."

"చచ్చాక సంగతి కాదు నేనడిగేది."

మార్లిస్ చేతిలో చీటీని మడిచింది, విప్పింది. "తొమ్మిదేళ్లు" అంది.

"అంత్యక్రియల రోజు నా పక్కన కూర్చుని ఏడ్చావు కదే."

"నాకూ ఏడుపొచ్చింది, నెల్డా. ఇంకెక్కడికి పోయి ఏడవను?"

ఆ మాట నిజమని తెలుస్తూనే ఉంది. అందుకే నెల్డాకి ఇంకా ఒళ్లు మండింది. చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు. "పలక మీద నీ పేరు రాయించుకో. పక్కన ఆయనది కూడా కావాలంటే యజమానిని అడుగు. నేను ఆర్నెల్లు బతిమాలాను, నీకు అంత కష్టం ఉండదులే" అని వచ్చి కారెక్కింది.

బయటికి పోయే గేటు దగ్గర కార్లు బారుగా నిలబడ్డాయి. ఆమె బ్యూయిక్ గేటు ముందుకి వచ్చేసరికి కుడి సీటు మెల్లగా కిందికి దిగింది. స్ప్రింగు కిర్రుమంది.

ఇంటికి పోయే వేళకి వచ్చేశాడు, ఎప్పట్లాగే.

ఆ చప్పుడు వినగానే నెల్డా ప్రాణం కుదుటపడింది. అది ఆమె వద్దనుకున్నా జరిగింది. తన మీద తనకే అసహ్యం వేసింది. బండి ఆపి దిగింది. చుట్టూ తిరిగి వచ్చి కుడి తలుపు బార్లా తీసింది.

"దిగు" అంది.

సీటు కదల్లేదు.

"లైల్, దిగమన్నాను. మార్లిస్ ఇంకా ఇక్కడే ఉంది, పోయి అందులో ఎక్కు. లేదా నడిచిపో. నా కారులో మాత్రం ఇంక కుదరదు."

వెనక పాతిక కార్లున్నాయి. ఒక్కరూ హారను కొట్టలేదు. కాటా దగ్గర్నుంచి ఆర్విల్ లేచి నిలబడి టోపీ తీశాడు. నెల్డా తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది. చాలాసేపటికి సీటు కొంచెం కొంచెంగా పైకి లేచింది, మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగుతున్నట్టు.

దిగిన మనిషి పక్కకి తప్పుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగింది. తర్వాత తలుపు వేసి, తాళం నొక్కి, వచ్చి కూర్చుంది. నలభై మైళ్లూ ఏడుస్తూనే నడిపింది. మధ్యలో ఎక్కడా ఆపలేదు.