వెనక గేటు నుంచి ముందు గేటుకి

చలికాలంలో మా టోకొరోవాలో పొద్దున పదింటిదాకా పొగమంచే. పేపరు మిల్లు ఆవిరి ఎక్కడ ఆగిందో, మంచు ఎక్కడ మొదలైందో చెప్పలేం. పిల్లల్ని దింపడానికి వచ్చే కార్లకి ముందు లైట్లు కనిపిస్తాయి, తరవాత కారు, ఇంకాసేపటికి ఒక చిన్న ముక్కు. మిల్లులో రెండు వేళ్ళు పోగొట్టుకున్నప్పటినుంచి వరండాలో పాత సోఫాలో కూర్చుని ఈ వింత చూడటమే నా ఉద్యోగం. జీతం లేదు కానీ మేనేజరు ఉంది. ఆవిడ నా పెళ్ళాం మారెటా.

మా ఇల్లు లైసెన్సున్న డేకేర్. వినడానికి గొప్పగానే ఉంటుంది. నా ఇంట్లో నేను ఉండటానికి పోలీసులు నా పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, పరవాలేదు ఉండనివ్వండి అన్నారు. చిన్నప్పుడు, ఈ దేశానికి రాకముందు, మా దీవిలో పక్కవాళ్ళ పందిపిల్లని ఎత్తుకొచ్చిన సంగతి వాళ్ళకి దొరకలేదు. ఆ తరవాత చలిమంట పొయ్యికి కంచె వచ్చింది, మెట్లకి గేటు వచ్చింది, గేటుకి గొళ్ళెం వచ్చింది, ఆ గొళ్ళెం పిల్లలకి అందనంత ఎత్తుకి ఎక్కింది. ప్రతి గదిలో పొగ వస్తే అరిచే పెట్టె ఒకటి. అన్నిటికీ డబ్బు మాదే.

ఇలాంటి డేకేర్లని చూసుకునే ఏజెన్సీ వాళ్ళు సర్కారు డబ్బు పిల్లకి గంటకింత అని ఇస్తారు. రాని రోజుకి రాదు. మా దగ్గర దింపి వెళ్ళే నికోకి జలుబు చేస్తే మా ఇంటి అద్దెకి జ్వరం. నికో కాక మిల్లులో ఫోర్‌క్లిఫ్టు నడిపేవాడి కవలలు ఉన్నారు. అక్కడికి ముగ్గురు. స్కూలుకెళ్ళే వయసు రాని పిల్లలు నలుగురికి మించకూడదని రూలు. ఆ నాలుగో చోటు మా పురెయాది.

పురెయాని కన్నది నా చెల్లెలి కూతురు అకాయితి. పొత్తిళ్ళలో ఉండగానే తెచ్చి మారెటా చేతుల్లో పెట్టింది. మాలో అలా తెచ్చుకున్నవాళ్ళని తినిపించిన బిడ్డలంటాం. ఎవరు కన్నారని ఎవరూ అడగరు, ఎవరు తినిపించారన్నదే లెక్క. కోర్టుకి వెళ్ళడం, సంతకాలు పెట్టడం మాకెవరికీ తోచను కూడా తోచదు. కాబట్టి పురెయాకి మారెటా అమ్మ, నేను నాన్న, పక్క వీధిలో ఉండే అకాయితి అక్క. కానీ రూలు ప్రకారం సొంతబిడ్డ నలుగురిలో ఒక చోటు తీసుకుంటుంది, డబ్బు మాత్రం తేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇల్లు వేరే ఇల్లయిపోతుంది. కర్టెన్లు వేసేసరికి గది నీళ్ళ అడుగున ఉన్నట్టు నీలంగా అవుతుంది. నేను మిగిలిన ఎనిమిది వేళ్ళతో నా బుల్లి గిటారు, యుకులేలే మీటుతాను. మా దీవిలో అయితే పిల్లలందరూ ఒకే చాప మీద, పూలు కుట్టిన ఒకే దుప్పటి కింద, ఒకరి కడుపు మీద ఒకరి కాళ్ళతో పడుకుంటారు. ఇక్కడ ఎవరి పక్క వాళ్ళది, మధ్యలో చేతి దూరం ఉండాలి. నిద్రలో ఆ రూలు వాళ్ళకి గుర్తుండదు. ఒక చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి గాల్లో వెతుక్కుని పక్కవాడి వేలు పట్టుకుంటుంది. మారెటా పది నిమిషాలకోసారి వచ్చి, ఒక్కొక్కరి మూతి దగ్గర చెవి పెట్టి ఊపిరి వింటుంది. అది కూడా రూలే. రూలు లేకపోయినా వినేదే. ఆ వేళప్పుడు నేను కూడా సగం నిద్రలో ఉంటాను. నా ఊపిరి కూడా విని వెళ్ళిందేమో అనిపిస్తుంది.

జూన్‌లో, అంటే ఇక్కడ నడి చలికాలంలో, కవలలకి గవదబిళ్ళలు వచ్చాయి. మూడు వారాలు ఇంట్లో నికో ఒక్కడే పైసలు తెచ్చేవాడు. అద్దె కట్టలేకపోయాం. ఆ నెల చూడటానికి వచ్చిన ఏజెన్సీ అమ్మాయి ఫిలిప్పా వంటింట్లో కూర్చుని టీ తాగింది. మంచి పిల్ల. పిల్లల బూట్లు తొక్కకుండా నడుస్తుంది.

"మారెటా గారూ, ఇలా అయితే మీరు నిలబడలేరు," అంది చివరికి. "పురెయాకి కూడా డబ్బు వస్తే గట్టెక్కుతారు. సొంతబిడ్డకి రాదు, అది మీకు తెలుసు. కానీ కాగితాల్లో తల్లి అకాయితి అని ఉంది. ఆ అమ్మాయి పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్తోందా, లేక పిల్ల ఇక్కడే ఉంటోందా? అదొక్కటి చెప్పండి నాకు."

మారెటా కెటిల్ వంక చూసింది. "దింపి వెళ్తోంది," అంది.

ఫిలిప్పా కారు మంచులో కలిసిపోయేదాకా ఆగాను.

"ఏమే, ఎప్పట్నుంచి నేర్చావు ఈ అబద్ధాలు?"

"ఏది అబద్ధం? కన్నది అకాయితి కాదా?"

"కన్నదెవరని మనలో ఎవరన్నా అడుగుతారా?"

"ఫిలిప్పా అడిగింది. అద్దె ఇంటివాడు అడుగుతున్నాడు. పోనీ నన్ను మళ్ళీ ఆఫీసులు ఊడవడానికి వెళ్ళమంటావా? వెళ్తాను. ఈ నలుగుర్నీ నువ్వు చూసుకో. డైపర్లు మార్చడానికి ఎనిమిది వేళ్ళు చాలుతాయిలే."

"అయితే దానికి నువ్వేమవుతావు?"

"ఆంటీని. మిగతావాళ్ళకి ఏమవుతానో అదే."

"నేనో?"

"అంకుల్‌వి."

"ఈ వయసులో నాకీ ప్రమోషన్ వద్దు," అన్నాను. ఆవిడ నవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ అద్దె కట్టాల్సింది మేమే.

మర్నాటినుంచి ఆట మొదలైంది. ఆటకి ఒకటే రూలు, బయటివాళ్ళు ఇంట్లో ఉన్నంతసేపూ మేం ఆంటీ, అంకుల్. పొద్దున్నే మారెటా పురెయాకి పసుపు బూట్లు తొడిగి, బుగ్గ మీద ముద్దు పెట్టి, వెనక గేటు లోంచి సందులోకి పంపేది. మంచులో అకాయితి నిలబడి ఉండేది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధి చుట్టూ తిరిగి ముందు గేటుకి వచ్చేవాళ్ళు. నాకు ముందు పసుపు బూట్లు కనిపించేవి, తరవాత నవ్వు వినిపించేది, తరవాత పిల్ల కనిపించేది. అప్పుడే నిద్రలేచి ఇదే ఇంట్లోంచి వెళ్ళిన పిల్ల ఎక్కణ్ణుంచో ప్రయాణం చేసి వచ్చినట్టు వచ్చేది. "గుడ్ మార్నింగ్ ఆంటీ, గుడ్ మార్నింగ్ అంకుల్," అనేది. సాయంత్రం ఇదంతా తిరగేసి. వెనక గేటు గొళ్ళెం తీయగానే "అమ్మా, నేనొచ్చేశా," అని పరిగెత్తుకొచ్చేది. మూడున్నరేళ్ళ పిల్లకి అంతకన్నా మంచి ఆట ఏముంటుంది? కొన్నాళ్ళకి ఆ మంచులో నాకు కూడా నిజంగా ఇద్దరు పురెయాలు ఉన్నారేమో, పొద్దున వెళ్ళేది ఒకతె, వచ్చేది ఒకతె ఏమో అనిపించేది.

ఒకరోజు గేటు దగ్గర దాన్ని దింపి అకాయితి కదల్లేదు.

"మామయ్యా, నిన్న ఇక్కడ నన్ను అమ్మా అంది," అంది. "ఆటకే అంది, నాకు తెలుసు. కానీ పొద్దుపోయేదాకా నేను ఏ పనీ చేయలేకపోయాను. కోళ్ళ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు తిట్టాడు కూడా."

"అనొద్దని చెప్పనా?"

"వద్దు," అంది గబుక్కున. మళ్ళీ, "చెప్పు," అంది. తల తిప్పుకుని మంచులోకి వెళ్ళిపోయింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మారెటాకి కూడా.

డబ్బు వచ్చింది. అద్దె కట్టాం. కవలలు బుగ్గలు తగ్గి వచ్చారు. మారెటా సరుకుల సంచిలోంచి నాకు నచ్చే బిస్కెట్లు తీసి బల్ల మీద పెట్టింది. నేను తిన్నాను, రుచిగానే ఉన్నాయి.

ఫిలిప్పా మళ్ళీ వచ్చింది చెప్పకుండా, సరిగ్గా పిల్లలు పడుకున్న వేళకి. బయట వాన పడుతోంది. బూట్లు వరండాలో విప్పి మేజోళ్ళతో లోపలికి నడిచింది. పక్కల మధ్య దూరం చూసింది, కిటికీ గొళ్ళెం చూసింది, గోడకి వేలాడే కాగితం మీద నిద్రలు చూసిన గుర్తులు చూసింది. అన్నీ బాగున్నట్టు తల ఊపింది. నేను మూల కుర్చీలో యుకులేలే ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. వాన, నలుగురు పిల్లల ఊపిరి, మారెటా చీపురుకట్టలా నిటారుగా నిలబడటం, అన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టున్నాయి.

అప్పుడు పురెయా ఉలిక్కిపడి లేచింది. ఏం కలొచ్చిందో, పెదవి వణుకుతోంది. మామూలుగా అయితే కళ్ళు తెరవకముందే మారెటా మెడ పట్టుకునేది. ఇవాళ కళ్ళు తెరిచింది, ఫిలిప్పాని చూసింది. దుప్పటి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఆంటీ," అంది మారెటాతో, నికో రోజూ లేవగానే అడిగినట్టే. "మా అమ్మ ఎప్పుడొస్తుంది?"

"నాలుగింటికి వచ్చేస్తుంది బంగారం," అంది ఫిలిప్పా మెల్లగా.

పిల్ల ఏడవలేదు. ఏడుపు మింగింది. గొంతు కదలడం నాకు అంత దూరం నుంచి కూడా కనిపించింది. మూడున్నరేళ్ళ పిల్ల అంత ఏడుపు ఎలా మింగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

మారెటా మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని దుప్పటితో సహా ఒళ్ళోకి లాక్కుంది. "ఇక్కడే ఉన్నానే. నేనే అమ్మని. ఎక్కడికీ పోలేదు," అంది. ఫిలిప్పా వినాలనే అంది, గొంతు తగ్గించలేదు.

పురెయా బెదిరిపోయింది. అరచేత్తో మారెటా నోరు మూసింది. "ష్," అంది చెవి దగ్గర, గదంతా వినపడేలా. "ఆమె ఇంకా వెళ్ళలేదు."

ఫిలిప్పా చేతిలో పెన్ను అలాగే ఉంది. పిల్లల చిన్న కుర్చీలో కూర్చుంది, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.

"నేను విననట్టు ఉండలేను మారెటా గారూ," అంది. "డబ్బిచ్చే జాబితాలోంచి పురెయా పేరు తీసేయాలి. తీసుకున్న డబ్బు తిరిగి కట్టేయాలి. పైవాళ్ళకి నేను రాయాలి. లైసెన్సు ఉంచుతారో లేదో నా చేతిలో లేదు. ఉంచినా, ముగ్గురితో ఈ ఇల్లు..."

ఆ వాక్యం ఆమె పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు, ముగ్గురితో ఈ చలికాలం దాటలేమని మా అందరికీ తెలుసు. చిన్న చేతి కింద మారెటా నోరు మాట్లాడలేకపోయింది. తల మాత్రం ఊపింది, తీసెయ్ అని. కళ్ళు మూసుకుని ఊపింది, ఎన్నాళ్ళకో నిద్రపట్టినట్టు.

ఫిలిప్పా వరండాలో బూట్లు వేసుకుంది, గేటు గొళ్ళెం వేసింది, కారెక్కింది. మలుపు దగ్గర ఇంజను చప్పుడు వానలో కలిసిపోయేదాకా పురెయా ఆ చెయ్యి తీయలేదు.