పెద్దల్లుడి గీజరు

బకెట్లో చిన్న పంపు గొణుగుతోంది. వెనక వరండా గోడకున్న గీజరు కింద, తిరగేసిన డబ్బా మీద కూర్చుని చిన్నల్లుడు రెండు గొట్టాల వంక చూస్తున్నాడు. ఒకదాంట్లోంచి వెనిగర్ పైకెక్కుతోంది, రెండోదాంట్లోంచి తెల్లటి నలుసుల్ని మోసుకుని కిందికి దిగుతోంది. ఆ ఇంటివి ఉత్త సున్నం నీళ్ళు. కొన్నాళ్ళు వదిలేస్తే లోపలి రాగి గొట్టానికి గార పట్టి, గీజరు ముందు మూలుగుతుంది, తర్వాత గోరువెచ్చనకు దిగుతుంది, ఆఖరికి చేతులెత్తేస్తుంది. ఇదింతవరకూ చేతులెత్తేయలేదు. అదే అతని ఖర్మ. పాడైతే కదా, బాగుచేసేవాడు కనపడేది!

గీజరు కొనిచ్చింది పెద్దల్లుడు. పెట్టె విప్పుతుంటే వచ్చి ఫోటో దిగి వెళ్ళాడు. అప్పట్నుంచీ మామగారు స్నానం చేసి వచ్చిన ప్రతిసారీ, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుంటూ, "అంతా పెద్దల్లుడి చలవోయ్!" అంటారు. వినడానికి ఎదురుగా ఉండేది చిన్నల్లుడే. వాళ్ళవీ వీళ్ళవీ గీజర్లు బాగుచేసి పొట్టపోసుకునే మనిషి, తన ఆదివారాలన్నీ దీనికి ధారపోశాడు. వెనక వరండాలో నీకేం పనోయ్ అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. అబద్ధమెందుకు, అతనికి కడుపు మండిపోయేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "చిన్నల్లుడి చలవ" అంటే నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?

పంపు ఆపి వెనిగర్ పారబోశాడు. నీళ్ళు లోపలికెళ్ళే చోట నలుసుల్ని ఆపే జల్లెడ కడిగి బిగించాడు. ఇక మంచినీళ్ళు వదిలి లోపలంతా కడగాలి. కుళాయి మీద చెయ్యి వేసి ఆగాడు. కడిగితే వాసన పోతుంది. ఒంటికేం కాదు, కాస్త పుల్లగా కొడుతుందంతే. ఎవరు ముట్టుకున్నారు దీన్ని అని అడగనీ, అడిగితే చెబుదాం. కడక్కుండానే గొట్టాలు ఊడదీశాడు.

మామగారు స్నానం చేస్తున్నంతసేపూ బయటే తచ్చాడాడు. ఆయన ముక్కు ఎగబీలుస్తూ వచ్చారు.

"ఏమోయ్, ఏదో వాసన వస్తోంది కదూ?"

"వస్తోందా మామయ్యా?" చిన్నల్లుడు ఆత్రంగా దగ్గరికొచ్చాడు.

"పుల్లపుల్లగా... బాగుందోయ్. పెద్దల్లుడు కొత్త సబ్బేదో పంపించి ఉంటాడు. ఎక్కడున్నా ధ్యాసంతా ఇక్కడే అతనికి."

చిన్నల్లుడు గొట్టాలు చుట్టి బకెట్లో పడేశాడు. తినకుండా పోదామనుకున్నాడు. అలిగినట్టు కూడా ఎవరికీ తెలియదు కదా అని తిన్నాడు.

భోజనాలయ్యాక పడక్కుర్చీలో నడుం వాల్చిన మామగారు మళ్ళీ లేవలేదు. టీ పట్టుకెళ్ళి పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. భుజం పట్టుకుని ఒంగితే ఆయన ఒంటి నుంచి వెనిగర్ వాసన వచ్చింది. ఆఖరి స్నానానికి మంచినీళ్ళు కూడా దక్కనివ్వలేదే నేను, అనుకున్నాడు. గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

సాయంత్రానికి పెద్దల్లుడు వచ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. లేచి ముఖం కడుక్కుని, తడి చేతుల్తోనే వచ్చి చిన్నల్లుడి పక్కన కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళయినా వేణ్ణీళ్ళు ధారగా వస్తున్నాయయ్యా. మా ఇంట్లోది ఇలాంటిదే, ఎప్పుడో పోయింది. మామయ్య ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో!"

ఇన్నాళ్ళూ దాచుకున్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. వినేవాడు పక్కనే ఉన్నాడు, అదీ వినాల్సినవాడే.

"అవునన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. "అంతా ఆయనే చూసుకున్నారు."

స్నానాలగది తలుపు మీద మామగారు ఆరేసిన తువ్వాలు ఇంకా తడిగానే ఉంది.