బండోడి నిద్ర

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది నాయనమ్మ. పొయ్యి మీద నీళ్లు పెట్టి, కోడలి గదిలోకి తొంగిచూసి, "లేచాడా? ఇంకా బరువుగానే ఉన్నాడా?" అని అడుగుతుంది. ఒళ్లో పిల్లాడితో గోడకి చేరగిలపడ్డ కోడలు, ఇంకా లేవలేదన్నట్టు తల అడ్డంగా ఊపుతుంది. అప్పుడు మొహం కడుక్కునే నీళ్లూ, టీ, తువ్వాలూ అన్నీ ఆమె కూర్చున్న చోటికే వస్తాయి.

పిల్లాడు మెలకువగా ఉంటే దూదిపింజ. కన్ను మూశాడా, బండరాయి. ఎక్కడ నిద్రపోతే అక్కడే, తనంతట తాను లేచేదాకా వాణ్ణి కదపడం ఎవరి తరమూ కాదు. ఒకసారి తండ్రి పక్కింటాయన్ని కూడా సాయం పిలిచి చూశాడు. ఇద్దరికీ నడుం పట్టేసింది. వాడు మాత్రం పెదాలు చప్పరించి అటు తల తిప్పుకున్నాడు.

"మీ ఆయన కూడా చిన్నప్పుడు ఇంతేనమ్మా. కాకపోతే కాస్త తేలిక," అంది నాయనమ్మ.

అందరూ వాణ్ణి బండోడనే పిలిచేవారు.

బండోడి తల్లి లాండ్రీలో పనిచేసేది. ఆసుపత్రుల దుప్పట్లు కొండల్లా వచ్చి పడే లాండ్రీ అది. ఆవిర్లు కక్కే ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడి తడి దుప్పట్లు లోపలికి పెట్టడం, బయటికొచ్చినవి మడవడం ఆమె పని. డాక్టరు చెప్పిన తేదీని బట్టి లాండ్రీ మేస్త్రీ ముందుగానే సెలవు కాగితం రాసిచ్చాడు. బండోడు ఆ తేదీ దాకా ఆగలేదు. దుప్పటి సగం మడతలో ఉండగానే బయల్దేరాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కాన్పు సెలవుకి జీతం ఇచ్చే ఆఫీసులో కళ్లజోడు మేడమ్ కాగితాలు తిప్పి తిప్పి చూసి, "సెలవు మొదలవకముందే బిడ్డ ఎలా పుట్టాడమ్మా?" అని అడిగింది.

"వాడికి తొందరెక్కువండీ."

"కంప్యూటరు ఒప్పుకోదు. మీ మేస్త్రీ చేత తేదీ మార్పించుకురండి."

మేస్త్రీ చెడ్డవాడేం కాదు. "వాళ్లు అడక్కుండా నా అంతట నేను మారిస్తే దొంగ కాగితం అంటారమ్మా. ఆఫీసు వాళ్లని నాకు ఉత్తరం రాయమను," అన్నాడు. ఉత్తరం రాయాలంటే మేడ మీద ఉండే సవరణల ఆఫీసరు ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోవాలంటే ముందు మేస్త్రీ మార్చిన కాగితం చూపించాలి. బండోణ్ణి ఎత్తుకుని, చంకలో సంచీతో ఆమె ఈ ముగ్గురి మధ్యా తిరిగింది. వాడు బస్సులో నిద్రపోతే దిగాల్సిన చోట దిగలేక, బస్సుతో పాటు ఊరంతా చుట్టి వచ్చేది. కండక్టరు టిక్కెట్టు కూడా అడగడం మానేశాడు. ఒకరోజు లాండ్రీలో, మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద నిద్రపోయాడు. వాడు లేచేదాకా ఆసుపత్రి వ్యాను వాకిట్లోనే నిలబడింది. డ్రైవరు వ్యానులోనే ఓ కునుకు తీశాడు.

ఆఖరికి గడువు రోజు వచ్చింది. సాయంత్రంలోగా తేలకపోతే అర్జీ కొట్టేస్తారు. సెలవు చెల్లదు కాబట్టి రేపు లాండ్రీ సైరన్ మోగేసరికి ఆమె రోలర్ దగ్గర ఉండాలి. లేకపోతే అక్కడ ఇంకొకరు నిలబడతారు. భర్త లారీ తీసుకుని దూరం వెళ్లాడు. నాయనమ్మ చూసుకుంటానంటుంది గానీ, ఒకసారి బండోడు ఆవిడ ఒళ్లో నిద్రపోయి లేచాక, నాలుగు రోజులు గోడ పట్టుకుని నడిచింది. పైగా పాలు తల్లి దగ్గరే కదా ఉన్నాయి.

"నా మోకాళ్ల సంగతి వదిలెయ్, ఎలాగోలా పడతాను," అంది నాయనమ్మ.

"మీరు పడతారు అత్తయ్యా. మిమ్మల్ని లేపేదెవరు?" అని కోడలు చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

ఆఫీసులో కళ్లజోడు మేడమ్ ఆమెని చూసి నిట్టూర్చింది. ఇద్దరూ ఒకరికొకరు అలవాటైపోయారు.

"తేదీ మార్చారా?"

"లేదండీ."

"మరి నేనేం చెయ్యనమ్మా? పోనీ, పుట్టిన సర్టిఫికెట్టు ఇంకోసారి చూపించు."

అది సంచీలో ఎక్కడో అడుగున, తడిగుడ్డల కింద ఉంది. "ఒక్క నిమిషం వీణ్ణి పట్టుకోండి మేడమ్," అని బండోణ్ణి బల్ల మీదుగా అందించింది. మేడమ్ ఎడంచెయ్యి వాడి వీపు కింద పెట్టి, ఎదురుగా తెరిచి ఉన్న ఆ అర్జీ ఫైలు మీద ఆనించింది. వాడు ఆవలించాడు.

"పడుకోనివ్వకండి మేడమ్," అంది తల్లి, తలెత్తి చూసి.

అప్పటికే ఆలస్యమైంది. మేడమ్ చెయ్యి లాగి చూసింది. రాలేదు.

"ఎంతసేపు పడుకుంటాడు?"

"వాడిష్టమండీ."

కొట్టేసిన ఫైళ్లు పట్టుకెళ్లే బంట్రోతు తోపుడు బండితో వచ్చాడు. "అది కూడా ఇచ్చేయండి మేడమ్."

"దాని మీద పిల్లాడున్నాడయ్యా."

"అలాగే మేడమ్, లేచాక తీసుకెళ్తా," అని బంట్రోతు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

గుమాస్తాలు ఒక్కొక్కరే టిఫిను డబ్బాలు సర్దుకుంటున్నారు. మేడమ్ గోడ గడియారం వైపు చూసింది, వాడి వైపు చూసింది. కుడిచేత్తో ఫోను దగ్గరికి లాక్కుంది. తల్లి లాండ్రీ నంబరు చెప్పింది. మేస్త్రీ పలికాడు.

"తేదీ మార్చాలండీ. నేను అడుగుతున్నాను," అంది మేడమ్.

"ఉత్తరం రాసి అడగాలి కదండీ."

"ఎలా రాయను? నా చెయ్యి బిడ్డ కింద ఉంది."

అవతల రోలర్ చప్పుడు మీదుగా మేస్త్రీ గొంతు పెంచాడు. "ఎవరు, బండోడా? ఏ చెయ్యి?"

"ఎడమది."

"కుడిచేత్తో రాయొచ్చు కదండీ."

"కుడిచేత్తో మీతో మాట్లాడుతున్నాను."

"అలా అయితే నేనే వస్తాను," అన్నాడు మేస్త్రీ. దుప్పట్ల వ్యాను ఎక్కి, లాండ్రీ ముద్ర జేబులో వేసుకుని వచ్చాడు. ఈలోగా బంట్రోతు మేడ మీదికి కబురు తీసుకెళ్లాడు. ఫైలు పైకి పంపమన్నాడు సవరణల ఆఫీసరు. "అది రాదు సార్. మీరే దిగాలి," అన్నాడు బంట్రోతు. ఆఫీసరు రైలింగు పట్టుకుని, ఆ మెట్లు కొత్త అన్నట్టు దిగాడు.

ఏళ్లుగా ఉత్తరాలు రాసుకోవడమే గానీ, మేస్త్రీ ఆ ఇద్దరినీ చూడటం అదే మొదలు. "ప్రతి ఉత్తరం చివరా 'పరిశీలించి తెలుపగలరు' అని రాసేది మీరేనా?" అని మేడమ్‌ని అడిగాడు. మేడమ్ కాస్త సిగ్గుపడింది.

ఆఫీసరు వంగి బండోడి మొహంలోకి చూశాడు. "నిజంగా తేదీకి ముందే వచ్చాడా?"

"రోలర్ ఆపింది నేనే సార్. ఆ రోజు సగం మడిచిన దుప్పటి ఇంకా నా కళ్ల ముందే ఉంది," అన్నాడు మేస్త్రీ.

"మరి అడిగితే ముందే చెప్పేవారు కదా?"

"అడిగితేనా?" అన్నాడు మేస్త్రీ. ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి అందించాడు.

తేదీ మార్చాల్సిన గడి వాడి మడమ పక్కనే కనబడుతోంది. మేస్త్రీ పాత తేదీ కొట్టేసి కొత్తది రాసి ముద్ర వేశాడు. ఆఫీసరు దాని పక్కన సంతకం పెట్టాడు. మేడమ్ కుడిచేత్తో కంప్యూటరు మీట నొక్కింది. ఈసారి అది ఒప్పుకుంది. తల్లి కుర్చీలో కూలబడి మొహం తుడుచుకుంది. అప్పుడు కళ్లు తెరిచాడు బండోడు.

మేడమ్ చెయ్యి తీసి విదిలించుకుంది. అరచేతి నిండా వాడి చొక్కా కుట్లు అచ్చుపడి ఉన్నాయి. దూదిలాంటి వాణ్ణి తల్లికి అందిస్తూ, "మా అమ్మాయి పడుకోగానే నేను లేచి ఉద్యోగానికి వచ్చేసేదాన్ని," అంది. వాడి చొక్కా సర్దుతూ, "లేవగలిగేదాన్ని," అంది.

మర్నాడు పొద్దున నాయనమ్మ గదిలోకి తొంగిచూసింది. "లేచాడా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. దూరంగా లాండ్రీ సైరన్ మోగింది. అలవాటు కొద్దీ ఆమె పాదాలు చెప్పుల కోసం నేల మీద వెతికాయి. ఒళ్లో బరువు అలాగే ఉంది. పాదాలు వెతకడం మానేశాయి. సైరన్ ఆగేసరికి ఆమె కూడా కళ్లు మూసుకుంది.

నాయనమ్మ టీ తెచ్చి, లేపకుండా పక్కన పెట్టి, మీద మూత పెట్టింది.