వరసలో ముందు నిలబడే హక్కు

ఎవాంథియా సంస్థకి గుర్తింపు వచ్చిందన్న సంగతి నాకంటే ముందు మా వీధి రొట్టెల కొట్టువాడికి తెలిసింది. "మీ స్నేహితురాలు మన పాత్రాస్ ఊరి పేరు నిలబెట్టిందటగా, స్టమాటియా గారూ!" అన్నాడు. రొట్టె తీసుకోకుండానే వచ్చేశాను.

ఇంటర్నెట్‌లో నేరం కనబడితే ఆ సైటు నడిపే కంపెనీకి ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఏథెన్స్‌లోని ప్రభుత్వ కార్యాలయం గుర్తించిన సంస్థ ఫిర్యాదు చేస్తే, కంపెనీలు దాన్ని వరసలో ముందుకు తీసి చూడాలి. మాబోటి వాళ్లం వెనక పడిగాపులు కాయాలి.

ఈ పని పదకొండేళ్ల కిందట మేమిద్దరం నా వంటింటి బల్ల దగ్గరే మొదలుపెట్టాం. ఆడపిల్లల ఫోటోలు వాళ్లకి తెలియకుండా పెట్టే వెధవల మీద ఫిర్యాదులు. నేను వారానికి వంద పంపితే అది పది పంపేది. ప్రతిదానికీ చట్టం తిరగేసి, "ఇది వెకిలితనమేనే, నేరం కాదు" అని పక్కన పెట్టేది. "నువ్వు పంపేలోపు ఆ పిల్లకి మనవలు పుడతారు" అని నేను వెక్కిరించేదాన్ని. వెక్కిరింపులు ముదిరి, ఆరేళ్ల కిందట విడిపోయి చెరో సంస్థ పెట్టుకున్నాం.

గుర్తింపు కోసం ఇద్దరం దరఖాస్తు పెట్టాం. నిరుడు ఒక్క ఏడాదిలో నాలుగు వేల ఫిర్యాదులు పంపామని నేను గొప్పగా రాశాను. వాటిలో నిజంగా నేరమని తేలినవెన్ని అని వాళ్లు అడిగారు. నాకు తెలిస్తేగా! కంటికి నచ్చని ప్రతి రాతనీ పంపేశాను. ఎవాంథియా మూడు వందల పన్నెండే చూపించింది. పదిహేను తప్ప అన్నీ నిలబడ్డాయి. దానికి గుర్తింపు, నాకు మర్యాదగా రాసిన ఉత్తరం. తప్పు నాదేనని తెలుసు. తెలిస్తే కుళ్లు తగ్గుతుందా? ఇంకా పెరిగింది.

ఆ ఉత్తరం వచ్చాక ఒక సోమవారం మిర్సినీ అనే పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఇరవై రెండేళ్లు, నర్సు చదువు. విడిపోయిన ప్రియుడు ఆ పిల్ల ఫోటోలు, ఫోన్ నంబరుతో సహా నెట్‌లో పెట్టేశాడు. నేను ఫిర్యాదు పంపాను. జవాబు లేదు. మంగళవారం పంపాను, బుధవారం పంపాను. ఎవాంథియా దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన సోమవారమే వచ్చింది. దాని ఏడాది నివేదికలో నా దగ్గరికొచ్చిన పిల్ల కేసు మెరవాలా? చచ్చినా వెళ్లననుకున్నాను.

గురువారం మిర్సినీ ఫోన్ చేసి ఏడ్చింది. వార్డులో ఒక రోగి కొడుకు ఆ ఫోటోలు చూపించి, "ఇది నువ్వేగా?" అని నవ్వాడట. ఇక ఆసుపత్రికి వెళ్లనంది.

ఆ రోజే ఎవాంథియా పేరు పండగ, అంటే దాని పేరున్న పునీతురాలి రోజు. పేరు పండగకి మాలో ఎవరూ పిలవరు, తలుపు తీసే ఉంచుతారు. బతిమాలడానికి వచ్చానని అనిపించుకోకుండా వెళ్లడానికి నాకదే సందు. పాల మిఠాయి పెట్టె పట్టుకుని మిర్సినీతో వెళ్లాను.

"ఆరేళ్లకి దారి గుర్తొచ్చిందా?" అంది ఎవాంథియా.

"దారి గుర్తుంది. కాళ్లే రానన్నాయి."

"నోరు మాత్రం అలాగే ఉందే. ఏమైంది? ఎవరీ పిల్ల?"

చెప్పాను. అది చుట్టాలని వదిలేసి లోపలి గదిలో కూర్చుంది. ఫోటో ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, పెట్టడానికి ఒప్పుకున్నావా అని మెల్లగా అడిగింది. ఏ సెక్షనో చూసుకుని రాసి పంపింది. బయట జనం తాగుతూ పాడుతున్నారు. నలభై నిమిషాల్లో ఫోటోలు పోయాయి.

ఒక్క మాట ఎత్తిపొడుస్తుందేమోనని చూశాను. "మిఠాయి తినవే, నువ్వు తెచ్చిందే" అంది అంతే. అది ఎత్తిపొడిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మిర్సినీ దాన్ని వాటేసుకుంది. ఈ నాలుగు రోజుల్లో నన్ను వాటేసుకోలేదు.

మెట్లు దిగుతుంటే ఆ పిల్ల ఆగింది.

"స్టమాటియా గారూ, ఈవిడ చేయగలరని మీకు సోమవారం తెలీదా?"

తెలీదనేస్తే సరిపోయేది.

"తెలుసు" అన్నాను.

"అయితే ఫోటోలు పెట్టింది వాడు. ఉంచింది మీరు."

బస్సు స్టాపు వైపు ఒక్కతే వెళ్లిపోయింది. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. ఇలాంటి మాట ఎవాంథియాకి ఎన్నడూ పడాల్సిన పని లేదు కదా అని, అప్పుడు కూడా దాన్ని చూసి కుళ్లుకున్నాను.